ఫ్రిజ్జు వాళ్ళ ట్యాంకు

వాల్వు తిప్పే ముందు ఒబ్దులియా గొట్టం మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఇనుము చల్లగా తగిలితే ఊరి బావి నించి గుట్ట మీది తొట్టిలోకి నీళ్ళెక్కినట్టు. వెచ్చగా ఉంటే లోపలున్నది గాలే. ఆ మంగళవారం పొద్దున ఇనుము చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు.

శాలువా చెంగుతో చేతులు తుడుచుకుని, నేలలో ఉన్న సిమెంటు గూట్లోకి వాల్వు తిప్పే ఇనప తాళంచెవిని దింపింది. ఆమె భుజం దాకా వచ్చే పొడవాటి తాళం అది, పైన అడ్డకమ్మీ. రెండు చేతులా పట్టుకుని పావు చుట్టు తిప్పి ఆపింది. ఒక్కసారిగా తెరిస్తే గాలి తన్నుకొచ్చి గొట్టం పగులుతుంది. కిందటేడు బడి దగ్గర అలాగే అతుకు ఊడి, ఊరి వంతు నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. లోపల గాలి బుసకొట్టింది. మిట్టవీధి మొదటి ఇంట్లో కుళాయి దగ్గింది. రెండో ఇంట్లో దగ్గింది. బకెట్ల చప్పుడు మొదలైంది. ఆమె ఇంకో పావు చుట్టు తిప్పి, తాళం అక్కడే వదిలి, గొట్టం వెంబడే మిట్ట ఎక్కసాగింది.

ఊరి పేరు ఎల్ వెర్హెల్, అంటే పళ్ళతోట. ఉన్నవి నాగజెముడు పొదలు, ముళ్ళతుమ్మలు. ఊరి నీళ్ళ కమిటీకి ఒబ్దులియా పెద్ద. జీతం లేదు, తాళం ఉంది. ఎవరింట్లో నీళ్ళు రాకపోయినా తిట్లు మాత్రం ఆవిడకే వస్తాయి.

మిట్టవీధిలో చివరి ఇల్లు చేలాది. భర్త లేడు, ముగ్గురు పిల్లలు. బడి గేటు దగ్గర రంగురంగుల జెల్లీ గ్లాసులు అమ్ముతుంది. ఒబ్దులియా వెళ్ళేసరికి కుళాయి ముందు ముక్కాలి పీట వేసుకుని, జబ్బుపడ్డ మనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

"ఊపిరి తీసుకుంటోందే గానీ ఏడవట్లేదు వదినా," అంది.

"ఇంకాసేపు చూడు."

"చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. అంతకు ముందు వారం బకెట్టు, పోయిన వారం అర బకెట్టు. ఈ లెక్కన ఇవాళ నేనే నీకు నీళ్ళివ్వాలేమో." చేలా కుళాయి మూతి మీద అరచేత్తో రెండు తట్టింది. "మా పెద్దది ఫోన్లో అడిగింది తెలుసా, ఆ ఫ్రిజ్జు లోపలుండే బుర్రని. ఎల్ వెర్హెల్ మిట్టవీధికి నీళ్ళెప్పుడొస్తాయి అని."

"ఏమంది?"

"చాలా మర్యాదగా చెప్పిందిలే. మీ ఊరి నీళ్ళ కమిటీని అడగండి అంది. అంటే నిన్నే."

ఒబ్దులియాకి నవ్వొచ్చింది. చేలాకి రాలేదు.

ఫ్రిజ్జంటే హైవే పక్కన లేచిన తెల్లటి కట్టడం. దానికి కిటికీలుండవు. లోపల వేలాది కంప్యూటర్లు వరసలుగా నిలబడి, ప్రపంచంలో వాళ్ళూ వీళ్ళూ అడిగేవాటికి జవాబులు చెబుతుంటాయట. ఆలోచించే కొద్దీ వేడెక్కుతాయట. వాటిని చల్లబరచడానికి కరెంటు కావాలి, నీళ్ళు కావాలి. కంపెనీ పేరు ఎవరికీ నోరు తిరగదు గనుక ఊరంతా దాన్ని ఫ్రిజ్జనే అంటారు. ఆ కంపెనీ మంచి పొరుగు నిధి అని ఒకటి పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళకి ఒక్కో ఊరికి ఒక్క పని చేసిపెడతారు. ఏ పనో ఊరే తేల్చుకోవాలి. ఎల్ వెర్హెల్ నించి రెండు పనులు వెళ్ళాయి. ఒకటి మిట్ట మీద నీళ్ళ ట్యాంకు, ఒబ్దులియా పంపినది. రెండోది ఊరి బ్యాండు మేళానికి వాయిద్యాలు, క్రిస్పీన్ మాస్టారు పంపినది. గడువు అయిపోయింది. ఆ రెండింట్లో ఒకదానికి ఆదివారం ఊరు చేతులెత్తాలి. ఏది నెగ్గుతుందో చేతులెత్తకముందే అందరికీ తెలుసు.

చేలా కుళాయిలోంచి చివరికి బొటనవేలంత ధార వచ్చింది. అడుగు తడిసేసరికి ఆగిపోయింది.

"ట్యాంకొస్తే ఇక్కడే గదా పెడతారు?" అంది చేలా, బకెట్ని వంచి లోపలికి చూస్తూ.

"ఇక్కడే. నీ ఇంటి వెనకాలే."

"అయితే మొదటి ఇల్లు నాదవుతుంది." ఆ మాట అంటున్నప్పుడు చేలా మొహంలో ఒబ్దులియా ఎప్పుడూ చూడని మెత్తదనం కనిపించింది.

మధ్యాహ్నానికి కంపెనీ తెల్ల ట్రక్కు వచ్చింది. నిధి పనులు చూసే రెనాతా దిగింది. రాజధానిలో చదువుకున్న పిల్ల, ముక్కు ఎండకి కంది పొరలు లేచింది. కొలతల టేపు ఒక కొస ఒబ్దులియా చేతికిచ్చి తనే ముళ్ళలోంచి వెనక్కి నడిచింది. ట్యాంకు ఎక్కడ, దాని కింద ఇనప నిలువులెక్కడ, లారీ వచ్చి తిరగడానికి చోటెక్కడ, అన్నీ సున్నంతో గీతలు గీయించింది. ఏడాది పాటు వారం వారం కంపెనీ లారీలే ట్యాంకు నింపుతాయని చెప్పింది.

"నీళ్ళ పని అంటే మా వాళ్ళకి చాలా ఇష్టం దోన్యా ఒబ్దులియా," అంది రెనాతా, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో. "మేము నీళ్ళు తాగేస్తున్నామని పేపర్లలో రాస్తున్నారు కదా. ఇది చూపిస్తే..." మాట మధ్యలో ఆపి సిగ్గుపడింది. "నాకూ ఇష్టమే. నిజంగా."

"నిలువులు మా ఆయన చేస్తాడు. వెల్డింగు పని," అంది ఒబ్దులియా.

"తప్పకుండా. ఊళ్ళో వాళ్ళకే పని ఇవ్వాలని నియమం. నీళ్ళ ఆఫీసులో ఒక్క ముద్ర వేయించుకు రండి చాలు, స్థలం ఊరిదేనని."

క్రిస్పీన్ మాస్టారు అటుగా వస్తూ సున్నం గీతల దగ్గర ఆగి టోపీ తీశాడు. పూర్వం తాపీ మేస్త్రీ. మోకాళ్ళు పోయాక పిల్లలకి బ్యాండు నేర్పుతున్నాడు.

"ఏం మాస్టారూ, బూరల్లోంచి నీళ్ళొస్తాయా?" అంది ఒబ్దులియా. ఈ నెల్లో ఎన్నోసారో ఆ మాట.

"వస్తాయమ్మా, ఉమ్మి," అన్నాడాయన టోపీ పెట్టుకుని. "బాగా వాయిస్తే గ్లాసుడు."

*

గురువారం బస్సులో పట్నం వెళ్ళింది. ఫ్రిజ్జు దగ్గర బస్సు నెమ్మదించింది. పారిశ్రామికవాడ గేటు బయట నీళ్ళ లారీలు వరసగా నిలబడి లావుపాటి గొట్టంతో నింపుకుంటున్నాయి. కింద మట్టిలో నీళ్ళు కారి, ఆ చెమ్మలో పిచ్చుకలు మునుగుతున్నాయి.

"ఇవెక్కడి నీళ్ళు?" అనడిగింది డ్రైవర్ని.

"వాడ లోపలి బావివి. చాలా లోతంట."

"మన బావిలోవీ ఆ నీళ్ళేనా?"

"భూమి లోపల గోడలుంటాయా దోన్యా?" అని డ్రైవరు గేరు మార్చాడు.

నీళ్ళ ఆఫీసులో బర్రాగాన్ అనే అధికారి ఎప్పుడూ లేనిది లేచి నిలబడి ఆహ్వానించాడు. కాగితం గ్లాసులో చల్లటి నీళ్ళు పట్టి తనే ఇచ్చాడు. ఒబ్దులియా ఆగకుండా తాగేసింది. ఆయన ఇంకో గ్లాసు పట్టాడు.

"మంచి కబురు విన్నాను. మీ ఊరికి ట్యాంకొస్తోందటగా!"

"స్థలం ఊరిదేనని మీ ముద్ర కావాలి సార్."

బర్రాగాన్ కాగితం పైనించి కింద దాకా చదవకుండానే ముద్ర వేశాడు. తడి ఆరడానికి ఊదాడు. తరవాత వెనక్కి తిరిగి బీరువాలోంచి నాడా కట్టిన ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని ఒబ్దులియా ఎరుగును. బావిని లోతు చేసి కొత్త మోటారు వెయ్యమని ఊరు పెట్టుకున్న అర్జీ. ఆమెకు ముందున్న కమిటీ పెట్టింది, ఆమె నడిపిస్తోంది.

"ఇక దీన్ని కూడా తీసెయ్యొచ్చు," అన్నాడు సంతోషంగా.

"తీసెయ్యడమంటే?"

"ముగించెయ్యడం. నీటి సదుపాయం అందింది అని రాసేస్తాం. మీలాంటి ఊళ్ళు ఎన్ని వరసలో ఉన్నాయో మీకు తెలీదు. ఒకటి తగ్గితే వాళ్ళకీ సుఖం, నాకూ సుఖం."

"వచ్చేది ట్యాంకు కద సార్. బావి కాదుగా."

"నీళ్ళే కదా దోన్యా! బావిలోంచొస్తేనేం, లారీలోంచొస్తేనేం?"

"లారీలు ఏడాదే తోలతారట."

"ఏడాదంటే తక్కువా? ఆ తరవాత కొత్త అర్జీ పెట్టుకోండి. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాను."

"ఆ కొత్తది వరసలో ఎక్కడుంటుంది?"

బర్రాగాన్ ఆ ప్రశ్నకి కొంచెం ఆశ్చర్యపోయాడు. "చివర్న. వరసంటే అంతే కదా."

ఆయన గొంతులో కపటం లేదు. ఇంట్లో అడ్డంగా ఉన్న సామాను తీసేస్తున్న మనిషి గొంతులా ఉంది. ఒబ్దులియా రెండో గ్లాసు చేత్తో పట్టుకునే ఉంది. కాగితం మెత్తబడి వేళ్ళకి చెమ్మ తగిలింది.

"ఇవాళే రాయకండి సార్. ఆదివారం ఊరు కూర్చోవాలి ఇంకా."

"ట్యాంకు పని మొదలయ్యాకే రాస్తాను. తొందరేముంది," అన్నాడు బర్రాగాన్, ముద్ర వేసిన కాగితం మడత పెట్టి ఇస్తూ.

తిరుగు బస్సుకి చాలా టైముంది. చర్చి ముందు బెంచీ మీద కూర్చుంది. మొక్కజొన్న రొట్టెలు కాలుస్తున్న మనిషి రెండుసార్లు పిలిచింది, ఒబ్దులియా తల అడ్డంగా ఊపింది. మిట్టవీధి గొట్టం సంగతి ఆమెకి తెలుసు, ఏ అతుకు దగ్గర ఎంత కారుతుందో తెలుసు, బర్రాగాన్ మాట మాత్రం ఎటు తిప్పినా బిగుసుకునే ఉంది. ఆయన చెప్పినదాంట్లో తప్పెక్కడుందో పట్టుకుందామని చూసింది. ఒక్కో ముక్కా విడిగా చూస్తే సరిగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి భర్త ఇలారియో పెరట్లో వంగి సుద్దతో నేల మీద నాలుగు పెద్ద చతురస్రాలు గీస్తున్నాడు. ట్యాంకు కాళ్ళవి. చాలా రోజుల తరవాత చేతినిండా పని. ఈలపాట పాడుకుంటున్నాడు. ఒబ్దులియా గుమ్మంలో కూర్చుని కూరకి కోసిన నాగజెముడు రెక్కల మీది ముళ్ళు కత్తితో చెక్కుతూ, బర్రాగాన్ అన్నది అన్నట్టు చెప్పింది. ఈలపాట ఆగింది.

"ఈ మాట ఊళ్ళో ఎవరికి తెలుసు?" అన్నాడు.

"ఊళ్ళో ఎవరికీ తెలీదు."

"అయితే చెప్పకు."

"బర్రాగాన్‌కి తెలుసుగా."

"ఆ అర్జీ పెట్టి ఎన్నేళ్ళయింది ఒబ్దులియా? ఏమొచ్చింది? అర్జీతో మొహం కడుక్కుంటావా? ట్యాంకు కళ్ళెదురుగా ఉంది. చేలా పిల్లలు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని బడికి పోతున్నారు, నువ్వే చెప్పావు."

"చెప్పాను."

"మరి?"

ఆమె కత్తి ఆపి చూపుడువేల్లో దిగిన ముల్లుని పళ్ళతో పీకింది. "మరేం లేదు. నువ్వు చెప్పింది నిజమే. అదే ఏడాది తరవాత కూడా నిజమైతే బాగుణ్ణు."

ఇలారియో సుద్ద జేబులో వేసుకున్నాడు. గీతలు చెరపలేదు, పూర్తి చెయ్యనూ లేదు.

*

శనివారం క్రిస్పీన్ మాస్టారి రేకుల షెడ్డుకి వెళ్ళింది. పిల్లలు గోడవారగా బెంచీ మీద కూర్చున్నారు. ఉన్నవి మూడు క్లారినెట్లు, ఒక సొట్టల బూర, తోలు వదులైన ఒక డోలు. ఒక పిల్ల వాయించి లేచి, క్లారినెట్ మూతి ఊడదీసి చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, మిగతాది పక్కదానికిచ్చింది. ఆ పిల్ల తన జేబులోంచి తన మూతి తీసి బిగించుకుంది. ఎవరి మూతి వాళ్ళదే, వాయిద్యం అందరిదీ.

"వంతుల వారీనా మాస్టారూ," అంది ఒబ్దులియా.

"మీ దగ్గర నేర్చుకున్నదే."

"ఎన్ని బూరలు కావాలన్నారు మీరు?"

మాస్టారి మొహం ముడుచుకుంది. "అమ్మా, రేపు ఓడిపోయేది ఎలాగూ ఉంది. ఇవాళ కూడా ఎందుకు? పిల్లలున్నారు."

ఒబ్దులియా పిల్ల పాట ముగిసేదాకా నిలబడింది. పాట అక్కడక్కడా తప్పింది. ఒకచోట పిల్ల ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఈసారి సరిగ్గా దాటింది.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరు బాస్కెట్‌బాల్ కోర్టులో రేకుల కింద కూడింది. ఊరి సభలో బయటివాళ్ళు కూర్చోకూడదు గనుక రెనాతా రోడ్డు మీద ట్రక్కులోనే ఉంది. సభ పెద్ద దోన్ ఫిలెమోన్, కర్ర మీద గడ్డం ఆనించి కూర్చునే ముసలాయన. ఎవరు మాట్లాడినా నిద్రపోతున్నట్టుంటాడు, మాట పూర్తవగానే కళ్ళు తెరుస్తాడు.

"ముందు ట్యాంకు సంగతి చెప్పు తల్లీ. తరవాత బూరలు. తరవాత చేతులు. తరవాత భోజనాలు," అన్నాడు.

ఒబ్దులియా లేచింది. ట్యాంకు ఎంత పెద్దదో, ఎక్కడ పెడతారో, లారీలు ఎప్పుడొస్తాయో చెప్పింది. జనం తలలూపారు. చేలా ముందు వరసలో చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు ఒబ్దులియా బర్రాగాన్ చెప్పింది కూడా చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చెప్పడం అయ్యాక శాలువా సర్దుకుని, "నేను బూరలకి చెయ్యెత్తుతాను," అంది.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. వెనకాల ఎవరో నవ్వారు. చేలా పిల్లని కింద దింపి లేచింది.

"ఏమన్నావు వదినా? మళ్ళీ అను."

"బూరలకి అన్నాను."

"మంగళవారం మా ఇంటి వెనకాల టేపు పట్టుకుంది ఎవరు? నువ్వే కదూ! సున్నం ఇంకా చెరగలేదు. ట్యాంకు నీ ఇంటి వెనకాలే అన్నది ఎవరు?"

"నేనే."

"తాళం నీ చేతిలో ఉంది. నీ ఇల్లు పల్లంలో ఉంది. నీకేం, ఎన్నైనా చెబుతావు. వరసట, చివరట! నేను ఇప్పుడు చివరే కదా! ఇంతకంటే చివర ఇంకేముంది?"

చేలా అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. తను అనుకున్నది తప్పని ఎవరైనా గట్టిగా నిరూపిస్తే కూర్చుని ట్యాంకుకే చెయ్యెత్తేద్దామని ఒబ్దులియా లోపల ఎదురుచూస్తోంది. ఇలారియో ఆ పని చేస్తాడేమోనని అటు చూసింది. అతను బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"ఏడాది నీళ్ళు తాగుతాం చేలా," అంది చివరికి. "ఏడాది తరవాత లారీ రాదు. అప్పుడు నేను పట్నం వెళితే మీకు నీళ్ళు అందాయిగా అంటారు. ఆ ఖాళీ ట్యాంకు ఫోటో చూపిస్తారు. బావి మళ్ళీ అడగడానికి మనకి నోరుండదు."

"అయితే ఏదీ తీసుకోకు! బూరలెందుకు మధ్యలో?"

"ఏదీ వద్దంటే ఇస్తామన్నా తీసుకోలేదని రాస్తారు. బూరలు తీసుకుంటే నీళ్ళు అందాయని ఎవడూ రాయలేడు. వాళ్ళు మంచి పొరుగు అనిపించుకోవాలనుకుంటున్నారు. అనిపించుకోనీ. పొరుగువాడు బూర ఇస్తే పుచ్చుకోవచ్చు. నీళ్ళు పొరుగువాడి దయ అయితే మాత్రం కష్టం."

అప్పుడు జరిగింది ఎవరూ అనుకోనిది. క్రిస్పీన్ మాస్టారు మోకాలు పట్టుకుని లేచాడు.

"నాకొద్దు," అన్నాడు. "పిల్లల గొంతు ఎండగట్టి తెచ్చిన బూర నేను వాయించలేను. నా పని వెనక్కి తీసుకుంటున్నాను."

"కూర్చోండి మాస్టారూ," అంది ఒబ్దులియా కోపంగా. "నెల్లాళ్ళు మీతో పోట్లాడాను. ఇప్పుడు మీ తరఫున మాట్లాడుతుంటే మీరు పారిపోతారా?"

"నెల్లాళ్ళు నన్ను వెక్కిరించావు తల్లీ. పోట్లాట అనకు."

"సరే, వెక్కిరించాను. కూర్చోండి."

జనంలో నవ్వు లేచింది. ఆ నవ్వులో బిగువు కొంచెం సడలింది. తరవాత చాలామంది మాట్లాడారు. చేతిలో ఉన్న పిట్టని వదులుకుంటారా అని ఒకాయన అన్నాడు. మీ చేతిలో పిట్ట ఎక్కడుంది, ఫ్రిజ్జు వాడి చేతిలో ఉంది అని ఇంకొకావిడ అంది. బర్రాగాన్ తల్లిని ఎవరో తలుచుకుంటే దోన్ ఫిలెమోన్ కర్రతో నేల మీద కొట్టాడు.

"నాకొక్కటి చెప్పు," అన్నాడు ఒబ్దులియాతో. "ట్యాంకు వద్దంటే బావి వస్తుందా?"

"తెలీదు."

"రాకపోతే?"

"రాకపోతే ట్యాంకూ ఉండదు, బావీ ఉండదు. నన్ను తిట్టండి. ఇప్పుడూ తిడుతున్నారుగా."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక, "ట్యాంకు కావాలన్నవాళ్ళు," అన్నాడు.

చేలా చెయ్యి అందరికంటే ముందు లేచింది, నిటారుగా. ఆమె చుట్టూ మిట్టవీధి చేతులు లేచాయి. ముసలాయన కర్రతో చూపిస్తూ లెక్కపెట్టాడు. తరవాత బూరలన్నాడు. ఒబ్దులియా చెయ్యెత్తి, వెనక్కి తిరిగి చూడలేదు. ముసలాయన లెక్కపెట్టి, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. ఓరచూపులో ఇలారియో చెయ్యి అతని భుజం ఎత్తు దాకా లేచి ఉండటం అప్పుడు కనిపించింది ఆమెకి. సుద్ద మరకలు గోళ్ళలో అలాగే ఉన్నాయి.

"బూరలు," అన్నాడు దోన్ ఫిలెమోన్. "కొద్దిలో."

క్రిస్పీన్ మాస్టారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చేలా చిన్నదాన్ని చంకనేసుకుని, ఎవరి వంకా చూడకుండా, కుర్చీ కూడా సర్దకుండా వెళ్ళిపోయింది.

ట్రక్కు దగ్గరికి ఒబ్దులియా ఒక్కతే నడిచింది. రెనాతా కిటికీ అద్దం దించి నవ్వుతూ, "అభినందనలు చెప్పనా?" అంది.

"మాస్టారికి చెప్పు."

విన్నాక రెనాతా దిగి, తలుపు మూసి, కొంత దూరం వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. ముళ్ళతుమ్మ నీడలో అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు విన్నది, కొంచెమే మాట్లాడింది. తిరిగొచ్చినప్పుడు మొహం ఎర్రగా ఉంది.

"ట్యాంకే అనుకుని మా వాళ్ళు బ్యానరు కూడా అచ్చు వేయించారు," అంది. "కానీ ఊరు ఏది కోరితే అదే అని చెప్పింది మేమే కదా. సరేనన్నారు." ఆగి, "దోన్యా ఒబ్దులియా, నేనేమైనా తప్పుగా మాట్లాడానా?" అనడిగింది.

"లేదమ్మాయ్. నువ్వు మంచిదానివి. ఎండలో టోపీ పెట్టుకు తిరుగు, ముక్కు చూడు ఎలా అయిందో."

*

సోమవారం పొద్దున బస్సు ఆగే చోటికి కమిటీలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళతో వెళ్ళింది. దారిలో ఒకరు పలకరించారు, ఇద్దరు మొహం తిప్పుకున్నారు. పాలబ్బాయి బండి ఆపి మరీ, "బకెట్టు ఖాళీ, సంగీతం ఫుల్లు," అని అరిచి పోయాడు.

బస్సు వచ్చేటప్పటికి మిట్ట దిగువన ఎవరో గబగబా వస్తున్నారు. చేలా. జెల్లీ అమ్మే ఏప్రను తీసి నలగని జాకెట్టు వేసుకుంది, తల తడిపి దువ్వుకుంది. ఎక్కి, ఒబ్దులియా పక్క సీటు ముందు నిలబడింది.

"నేను ట్యాంకుకే చెయ్యెత్తాను," అంది.

"చూశాను."

"రేపు అడిగినా దానికే ఎత్తుతాను."

"ఎత్తు."

"ఇప్పుడు ట్యాంకు లేదు. అందుకని బావి కావాలి. జరుగు."

ఒబ్దులియా కిటికీ వైపు జరిగింది. ఫ్రిజ్జు దగ్గర లారీలు నింపుకుంటుంటే చేలా ఆమె మీదుగా వంగి, మెడ తిప్పి, అవి కనుమరుగయ్యేదాకా చూసింది.

బర్రాగాన్ నలుగురు ఆడవాళ్ళని చూసి లేచి, కాగితం గ్లాసుల కోసం చెయ్యి చాపాడు. "పని మొదలెట్టేశారా? ఇంత తొందరగానా?"

"ట్యాంకు రావట్లేదు సార్," అంది ఒబ్దులియా. "ఊరు బూరలు కోరుకుంది."

బర్రాగాన్ నవ్వాడు. ఎదుట ఎవరూ నవ్వకపోవడం చూసి నవ్వు నెమ్మదిగా ఆపాడు. "బూరలంటే... వాయించేవా?"

"వాయించేవే."

"ఇంత కరువులో? నీళ్ళిస్తామంటే బూరలు అడుగుతారా ఎవరైనా?"

"బూరలు అక్కడ అడిగాం సార్. నీళ్ళు అడగడానికి ఇక్కడికొచ్చాం."

బర్రాగాన్ ఒక్కొక్కరినీ చూశాడు. గ్లాసులు పక్కన పెట్టాడు. నాడా కట్టిన కట్ట బల్ల చివరే ఉంది, దాని మీద అప్పటికే వేరే ఊళ్ళ కాగితాలు చేరాయి. వాటిని ఒక్కటొక్కటిగా ఎత్తి పక్కన పెట్టి, కట్టని ముందుకి లాక్కుని నాడా ముడి విప్పాడు. ముడి బిగుసుకుపోయింది. గోటితో విప్పలేక పళ్ళతో పట్టుకున్నాడు.

"ఇది ఈ సంవత్సరం అవుతుందని నేను మాటివ్వలేను," అన్నాడు నాడా నోట్లోంచి తీసి.

"మేం మళ్ళీ వచ్చే సోమవారం వస్తాం," అంది చేలా. "ఆ పై సోమవారం కూడా."

"సరే సరే. కూర్చోండి ముందు," అన్నాడు.

బల్ల ముందు కుర్చీ ఒక్కటే ఉంది. ఎవరూ కూర్చోలేదు. బర్రాగాన్ కాసేపు చూసి, పక్క గదిలోకి వెళ్ళి కుర్చీలు మొయ్యడం మొదలుపెట్టాడు.